ఐజాక్ మాస్టారి కనురెప్ప

నిడదవోలులో పొద్దున్నే బండెక్కి, రాజమండ్రిలో నరాల డాక్టరుకు చూపించుకుని, మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేయాలన్నది దేవకుమారి ఏర్పాటు. భర్త ఐజాక్ మాస్టారి కుడి కనురెప్ప సాయంత్రమయ్యేసరికి వాలిపోతుంది. తెల్లారితే మామూలే. అంచేత ఏ డాక్టరుకు చూపించినా "బానే ఉందిగా!" అని పంపేస్తున్నారు. చర్చిలో కునికిపాట్లు పడతారన్న పేరు కూడా వచ్చేసింది. ఈసారి కూడా ఎవరూ నమ్మకపోతే ఈ మనిషి ఏమైపోతాడోనని ఆవిడ బెంగ.

డాక్టర్ హైమవతి గారు మాస్టారిని తెర వెనక్కి తీసుకెళ్లి, ఆవిణ్ని ఇవతలే కూర్చోమన్నారు. దేవకుమారి చెవులు మాత్రం తెరకు అంటుకుపోయాయి.

"పైకి చూడండి. ఇక పైకే చూడాలి," అన్నారు డాక్టరు గారు.

దేవకుమారి గుండె జారిపోయింది. మందులు పనిచెయ్యని ఇళ్లలో పాస్టరు గారు అనేది సరిగ్గా ఈ మాటే. వెంటనే ఆయనకు ఫోను చేసింది.

"డాక్టరమ్మ ఇక పైకే చూడమన్నారండీ!"

"అయ్యో తల్లీ! సంఘమంతా బయల్దేరుతున్నాం," అన్నారు పాస్టరు విజయ్ పాల్.

లోపల మాస్టారు అంకెలు లెక్కపెడుతున్నారు. మొదట్లో ఖంగుమన్న గొంతు ముప్పై దాటేసరికి ముక్కులోకి దిగి, నలభై దగ్గర పీలగా మారి ఆగిపోయింది.

"చాలు, అయిపోయింది. ఐసు తెండి, త్వరగా!" అన్నారు డాక్టరు గారు.

దేవకుమారి మెట్లు దిగి, కింద టీ తాగుతున్న తమ్ముడు దొరబాబును పట్టుకుని బావురుమంది. "మీ బావగారికి... ఐసు కావాలంటున్నార్రా!"

మనిషి పోయిన ఇంటికి తప్ప ఐసు ఎందుకు? దొరబాబు గ్లాసు వదిలేసి ఆటో ఎక్కాడు. ఆసుపత్రి ఫ్రిజ్‌లో ఐసు లేక నర్సు ఇంకా తిరుగుతుండగానే, భుజాన ఐసుదిమ్మతో, వెక్కుతూ గదిలోకి వచ్చాడు. వెనకే అక్క.

"ఎక్కడ పెట్టమంటారండీ?"

"కంటి మీద," అన్నారు డాక్టరు గారు తెర లోపలినుంచి.

దొరబాబు ఘొల్లుమన్నాడు. తెర పక్కకు జరిగింది.

"ఎవరు పోయార్రా?" అన్నారు ఐజాక్ మాస్టారు.

కుడి రెప్ప పూర్తిగా వాలిపోయి ఉంది. పైకి చూసి చూసి పట్టపగలే వాలింది. డాక్టరు గారు ఐసుముక్క ఒకటి గుడ్డలో చుట్టి కంటిమీద కాసేపు ఉంచి తీశారు. రెప్ప మెల్లగా, దానంతటదే లేచింది. ఇన్నేళ్లు దేవకుమారి చూసిన కన్నే, కొత్తగా తెరుచుకున్నట్టుంది. ఆవిడ తెలియకుండానే, ప్రార్థనలోలాగా, కొంగు తలమీద కప్పుకుంది.

"నరం చెప్పే మాట కండకు అందే చోట తేడా అండి. చెప్పగా చెప్పగా అందడం మానేస్తుంది. చల్లబడితే కాసేపు అందుతుంది," అన్నారు డాక్టరు గారు. "ఇంకో పరీక్ష చేసి మందులిస్తాను."

"అంటే, మీరు నమ్మారాండీ?"

"చూశాను కదమ్మా."

దేవకుమారి అప్పుడు ఏడ్చింది, హాయిగా.

దిమ్మను ఐసుకొట్టువాడు వెనక్కి తీసుకోనన్నాడు. దండలతో వ్యాను దిగిన సంఘానికి మాస్టారే స్వయంగా నిమ్మరసం కలిపి ఇచ్చారు. ఐసుకు లోటు రాలేదు.