తొంభై గంటల పరుగు

"కదిలే పిల్లలే ఎదిగే పిల్లలు! ఇది మా బడి వ్యాయామ సంవత్సరం!" అని మా అమ్మాయి బడి ప్రిన్సిపాల్ గారు ప్రకటించారు. కుర్చీలోంచి కదలకుండానే ప్రకటించారు.

మర్నాడే ఆటస్థలానికి తాళం పడింది.

"తనిఖీకి అధికారి గారొస్తున్నారమ్మా. తెల్లగా సున్నపు గీతలు గీయించాం. పిల్లలు పరిగెడితే చెరిగిపోవూ?" అన్నారు వ్యాయామం మాస్టారు.

ఆటస్థలానికి బదులు పిల్లలందరికీ తలా ఒక డైరీ ఇచ్చారు. బిడ్డ రోజూ ఎంతసేపు పరిగెత్తిందో తల్లి రాసి సంతకం పెట్టాలి.

తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయికి పరుగంటే ప్రాణం. తనిఖీ రోజునే బడి పరుగు జట్టుకి ఎంపిక.

"అమ్మా, ట్యూషన్‌కి ముందు అరగంట వీధిలో పరిగెత్తొస్తానే!"

"లెక్కలు నీ కాళ్లు చేస్తాయా? కూర్చో!"

అలాగని డైరీ ఖాళీగా పంపగలమా! పక్కింటి లాయరు గారి భార్య వాళ్లబ్బాయికి నలభై నిమిషాలు రాసిందట. నేను గంట రాశాను. మూడు నెలలు వరసగా రాశాను. జ్వరంతో మూలుగుతున్న రోజు కూడా పిల్లని వదల్లేదు, గంటసేపు పరిగెత్తించాను. పెన్నుతో.

అధికారి గారు రానే వచ్చారు. డైరీ చూసి కళ్లజోడు సవరించుకున్నారు.

"తొంభై గంటలు! జట్టు నాయకురాలు ఈ అమ్మాయే!"

తల్లిదండ్రుల కుర్చీల్లో ముందు వరసలో కూర్చున్న నేను లాయరు గారి భార్య వైపు ఒకసారి చూశాను.

మా అమ్మాయి లేచింది. "సార్, ఒక్కసారి పరిగెత్తి చూపిస్తాను సార్!"

మాస్టారు అన్ని జేబులూ తడుముకున్నారు. తాళంచెవి దొరికింది గానీ తుప్పు పట్టిన తాళం తెరుచుకుంటేనా! అధికారి గారు గడియారం చూసుకున్నారు.

"రికార్డుండగా పరుగెందుకమ్మా?" అని సంతకం పెట్టేశారు.

 ఇంటికొచ్చాక మా అమ్మాయి అడిగింది.

"నువ్వు రాసిన తొంభై గంటలూ నావేగా అమ్మా? ఎప్పుడిస్తావు?"

"పరీక్షలవనీ తల్లీ" అంటూ ఆ రోజు గంట కూడా రాసేద్దామని డైరీ తెరిచాను. పెన్ను లేదు! బల్ల కింద వెతికాను, సోఫా కింద వెతికాను. చివరికి కిటికీలోంచి చూద్దును కదా, ట్యూషన్ సంచి గేటుకి వేలాడుతోంది. వీధి చివర మా అమ్మాయి, పిడికిట్లో నా పెన్ను, జడ గాల్లో ఎగురుతుండగా పరిగెడుతోంది. చీకటి పడేదాకా పరిగెత్తింది.

మర్నాడు బడి నుంచి నాకు నోటీసు వచ్చింది. "డైరీ ప్రకారం నిన్న మీ అమ్మాయి పరిగెత్తలేదు. సంజాయిషీ ఇవ్వగలరు."