అల్లుడుగారు వినని గది

ఇంటింటికీ ఒక కన్నూ ఒక చెవీ అమర్చే బృహత్కార్యం నిర్విఘ్నంగా పూర్తయిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ప్రజాక్షేమ వీక్షణ శాఖవారు ప్రతి వంటింట్లోనూ, ప్రతి పడగ్గదిలోనూ గోడకు చిన్న నల్ల కెమెరా బిగించారు. అది చూస్తుంది, వింటుంది, పైకి ఏమీ అనదు. జనం దానికి అల్లుడుగారని పేరు పెట్టుకున్నారు. పనీపాటా లేకుండా ఇంట్లో తిష్ఠవేసి, అందరి గొంతులూ తగ్గించగల ఘనత ఇంకెవరికుంది?

ఫలితాలు వెంటనే కనిపించాయి. ఒక బస్సు డ్రైవరు వంటింట్లో నడుం పట్టుకుని "అబ్బా" అన్నాడు. తెల్లారేసరికి అతని సీట్లో వేరే మనిషి కూర్చున్నాడు. నడుముకి అంత త్వరగా శాశ్వత విశ్రాంతి దొరకడం గతంలో ఎరగం. అత్తాకోడళ్ళు ఒకరినొకరు "తమరు" అనుకోసాగారు. "దాచుకోవడానికేమీ లేనివాళ్ళకి భయం దేనికి?" అని మంత్రివర్యులు సభలో గర్జించి, నల్లద్దాల కారెక్కి వెళ్ళిపోయారు.

ఇంత సుభిక్షంలోనూ, యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేసే ఒకావిడకు చిక్కు వచ్చిపడింది. ఆవిడ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చింది. డాక్టరమ్మ సంగతంతా చీటీ మీద రాసి చూపించి, ఆ చీటీని చించి పారేసింది. ఇప్పుడది మొగుడికి చెప్పాలి. అల్లుడుగారి చెవిన పడితే ఆవిడ మిషను ముందు మర్నాడు ఇంకెవరో కూర్చుంటారు.

వంటింట్లో కుళాయి విప్పి, ఆ చప్పుడులో చెప్పబోయింది. నీళ్ళు వృథా చేస్తున్నారని నోటీసొచ్చింది. దుప్పటి కప్పుకుని మొగుడి వీపు మీద వేలితో రాసింది.

"ఏంటే ఆ గోకుడు? దురదగా ఉందా?" అన్నాడాయన. సైకిళ్ళు బాగుచేసే మనిషి, చదువు అంతంతమాత్రం.

పొద్దున్నే శాఖ ఉద్యోగి వచ్చి, చెప్పులు బయట విడిచి, ఎంతో మర్యాదగా అన్నాడు: "అమ్మా, ఈసారి రాసేటప్పుడు దుప్పటి కాస్త పక్కకి జరపండి. మావాళ్ళకి అక్షరాలు కనబడ్డం లేదట."

అప్పుడావిడకు తమ్ముడు గుర్తొచ్చాడు. అతన్ని పోలీస్ స్టేషన్లో, విచారణ గదిలో, కాలు విరిగేదాకా కొట్టారు. వీడియో చూపించమని అడిగితే కెమెరా రిపేర్లో ఉందన్నారు. పాపం, ఆ కెమెరా ఇప్పటికీ కోలుకోలేదు.

ఆవిడ తడి తువాలు తెచ్చి, అల్లుడుగారి ముఖం మీద ఆరేసింది.

నేరం చిన్నదే, హెచ్చరికతో సరి. అయినా పద్ధతి ప్రకారం మొగుడినీ పెళ్ళాన్నీ స్టేషనుకి పట్టుకెళ్ళి, తమ్ముణ్ణి కొట్టిన ఆ గదిలోనే కూర్చోబెట్టారు. ఇన్‌స్పెక్టరు తలుపేసి టీకి వెళ్ళాడు.

"ఇక్కడ ఎవరూ వినర్లే. చెప్పు," అన్నాడు మొగుడు.

"గట్టిగా చెప్పనా?"

"గట్టిగానే చెప్పవే."

చెప్పింది. ఇద్దరూ ఏడ్చారు, పోట్లాడుకున్నారు, మళ్ళీ నవ్వుకున్నారు. బయటికొచ్చేటప్పుడు ఆవిడ చెయ్యి ఆయన చేతిలో ఉంది.

మర్నాటినుంచి ఊరంతా తువాళ్ళే. ఆలుమగలు చంకల్లో పిల్లలతో స్టేషను ముందు బారులు తీరి, మమ్మల్ని అరెస్టు చెయ్యండి బాబూ అని బతిమాలారు. "ఇది స్టేషనా, సత్రమా?" అని ఇన్‌స్పెక్టరు తల పట్టుకున్నాడు. ప్రభుత్వానికి మాత్రం ఏ అనుమానమూ రాలేదు. నేరస్థులు వాళ్ళంతట వాళ్ళే లొంగిపోతున్నారని పత్రికలకు ప్రకటన కూడా ఇచ్చింది.

అనుమానం పక్కింటి పిన్నిగారికి వచ్చింది. "ఏడ్చుకుంటూ వెళ్ళినవాళ్ళు చేతులు పట్టుకుని వచ్చారు! లోపల ఏం మాట్లాడుకున్నారో మనకి తెలియొద్దూ?" అని వీధి వీధంతా తిరిగింది. నిజమే కదా అనుకున్నారు జనం. నిన్న ఆ గదిలో మనసు విప్పి మాట్లాడుకున్నవాళ్ళు కూడా, ఎదుటివాళ్ళు ఏం మాట్లాడుకున్నారోనన్న బాధకొద్దీ, ఆ గది కెమెరా బాగుచెయ్యాలంటూ తీసిన ఊరేగింపులో నడిచారు. తమ్ముడి కాలు విరిగినప్పుడు కోలుకోని కెమెరా ఆ సాయంత్రానికల్లా లేచి కూర్చుంది. ప్రజా చైతన్యాన్ని మంత్రివర్యులు కొనియాడారు.

ఆవిడ ఇప్పటికీ ఫ్యాక్టరీలో కుడుతూనే ఉంది. ఈమధ్య వీక్షణ శాఖవారి యూనిఫారాలకు గిరాకీ పెరిగింది.

ఆ గదిలో ఆవిడ మొగుడికి ఏం చెప్పిందో మేం రాయడం లేదు. మీరు ఇందాకటినుంచీ దానికోసమే కాచుకుని కూర్చున్నారని మాకు తెలుసు. శాఖలో ఉద్యోగాలు ఖాళీగా ఉన్నాయి. కావలసిన అర్హతలన్నీ మీకున్నాయి. యూనిఫారం కొలతలు కూడా ఇవ్వనక్కర్లేదు, వాళ్ళ దగ్గర ఎప్పటినుంచో ఉన్నాయి.