బరువైన వినియోగదారుడు

నెట్ స్లోగా ఉందని ఏడ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. తెర మీద గిర్రున తిరిగే ఆ చక్రం మనుషులకు దొరికిన వరం! ఎక్కడో చదివి చెప్పడం లేదు, మా బిల్డింగులో బతికి చెబుతున్నాను. కాదనేవాళ్లు మా మెట్ల మీదకు రండి, తేల్చుకుందాం.

మా నాలుగంతస్తులకీ కలిపి డాబా మీద ఒకటే యాంటెన్నా. టవర్ నుంచి గాల్లో వచ్చే నెట్‌ని పట్టి ఇంటింటికీ పంచుతుంది. పంచడానికి ఏమైనా ఉండాలిగా? వచ్చేదే చెంచాడు! అందులోనే పై వాటాలో సినిమా, కింది వాటాలో డాన్సు క్లాసు. ఇక మా అన్నయ్య, ఎక్కడో ఎవరో మిషన్‌తో గుంత తవ్వుతుంటే లైవ్‌లో చూస్తాడు. ఎందుకన్నయ్యా అంటే, "ఎంతవరకు తవ్వాడో చూడొద్దూ?" అంటాడు.

అయితేనేం? సినిమాలో హీరో తలుపు మీద చెయ్యి వేసి ఆగిపోతాడు. తలుపు వెనక ఎవరున్నారో అని మా మెట్ల మీద రెండు పార్టీలు! నెట్ బాగుంటే ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లమా? మా పిన్ని వీడియో కాల్‌లో నన్ను తిడుతూ తిడుతూ నోరు తెరిచి ఆగిపోతుంది. అంత ప్రశాంతత డబ్బు పోసినా దొరకదు!

ఇంతలో మా వదినకి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. పిల్లాడు పుట్టాక మానేసిన ఉద్యోగం. మళ్లీ సంపాదించుకోవాలని ఎన్ని గుమ్మాలు ఎక్కిందో నాకు తెలుసు. ఇన్నాళ్లకి ఒక్క పిలుపు, అదీ వీడియోలో!

"మధ్యలో నా మొహం ఆగిపోతే ఎట్లాగే? వంకరగా ఆగితే?" అని వదిన అద్దం ముందు కూర్చుంది. ఎక్కడ ఆగినా బాగుండేట్టు మాట్లాడటం ప్రాక్టీసు!

నేను ఊరుకుంటానా? నెట్ కంపెనీ మీద విరుచుకుపడ్డాను. జవాబు వచ్చింది, ఏ మిషన్ తెలుగులోకి తిప్పిందో గానీ: "ప్రియమైన కస్టమర్, మీ భవనంలో బరువైన వినియోగదారుడు ఉన్నాడు. దయచేసి అతన్ని తగ్గించండి."

బిల్డింగంతా ఒక్కసారి బేకరీ మామయ్య వైపు తిరిగింది. బరువులో ఆయన్ని కొట్టేవాడు మా నాలుగంతస్తుల్లో లేడు.

"నెట్ ఎక్కువ వాడేవాణ్ణే అలా అంటారు, నాది బటన్ల ఫోన్ కదే!" అని మొత్తుకున్నాడు.

"ఫోన్ సంగతి ఎవరడిగారు మామయ్యా? రాతపూర్వకంగా వచ్చింది!" అన్నాను, ఆయన చేతిలో బన్ను లాక్కుంటూ.

బన్ను వంక ఒకసారి, మా వదిన వంక ఒకసారి చూశాడు. "సరే. ఆ పిల్లకి ఉద్యోగం వస్తుందంటే తగ్గుతా."

పాపం, రోజూ మెట్లు ఎక్కాడు, దిగాడు. ఆయన సన్నబడ్డాడు. నెట్ మాత్రం లావెక్కలేదు.

ఇంటర్వ్యూ రోజు ఇంటింటికీ తిరిగి అరిచాను: "వదిన బయటికి వచ్చేదాకా ఎవడైనా వీడియో పెట్టాడో, డాబా ఎక్కి యాంటెన్నా పీకేస్తా!" సినిమా ఆగింది. డాన్సు ఆగింది. మా అన్నయ్య గుంత కూడా ఆగింది. అందరం మెట్ల మీద ఊపిరి బిగబట్టి కూర్చున్నాం.

వదిన "నమస్కారం సార్" అంది. ఆగిపోయింది! వదిన కాదండీ, ఆ సారు! ఒక కన్ను మూసి, ముక్కు దగ్గర వేలు పెట్టుకుని ఆగిపోయాడు. తలుపు సందులోంచి నా కళ్లతో చూశాను.

వదిన నవ్వు చెదరనివ్వలేదు. "ఫర్వాలేదు సార్, నేను ఆగుతాను" అని అలాగే కూర్చుంది. చాలాసేపటికి ఆయన కదిలి, "ఇంత ఓపిక ఇంతవరకూ ఎవరిలోనూ చూళ్లేదమ్మా. ఈ ఉద్యోగానికి కావాల్సింది అదే!" అన్నాడు.

చూశారా? స్లో నెట్ వల్ల ఉద్యోగం వచ్చింది! ఇప్పుడేమంటారు?

ఇంట్లో కూర్చునే చేసే ఆ ఉద్యోగంలో వదిన చేరిన రోజే నెట్ మళ్లీ పడుకుంది. కంపెనీకి ఫోన్ కొట్టాను. ఎంతకీ ఆగని పాట తర్వాత ఒక గొంతు: "నమస్కారం మేడమ్. మీ భవనంలో బరువైన వినియోగదారుడు ఉన్నాడు."

అదే గొంతు గోడ అవతల నుంచి కూడా వినబడింది.

"వదినా! నువ్వా? ఈ కంపెనీయా? మామయ్య ఇప్పటికే సగమయ్యాడు, ఇంకెవర్ని తగ్గించమంటావ్?"

ఫోన్ మ్యూట్ అయింది. గోడ అవతల గొంతు మాత్రం గట్టిగా పలికింది: "నన్నేం చెయ్యమంటావే? ఒక్క టవర్‌కి ఊరంతటినీ వేలాడదీశారు! చెంచాడు పెట్టుకుని గంగాళం అని అమ్మారు! ఎవరు ఫోన్ చేసినా ఈ ఒక్క ముక్కే చదవమన్నారు!"

మళ్లీ ఫోన్‌లో, తేనె పూసినట్టు: "కాల్ రికార్డవుతోంది. ఇంకేమైనా సహాయం కావాలా మేడమ్?"

"కావాలి" అన్నాను. "బేకరీ మామయ్యకి ఆ బన్ను తిరిగి ఇచ్చేయమని మీ కంపెనీ చేత రాయించండి. రాతపూర్వకంగా!"