అతికిన చిమ్మట

ఆ ఉదయం పురుగుల మాస్టారి పథకం చాలా తేలిక. ప్రొఫెసరుగారు ఇంటికొస్తారు, పెట్టెలో సూదికి గుచ్చిన చిమ్మటను చూస్తారు, ఇది ఎవరూ ఎరగని జాతి అంటారు. సగం జీవితం దీపాల చుట్టూ తిరిగిన మాస్టారు దానికి పేరు పెట్టుకుంటాడు.

మాస్టారు బిస్కెట్ల కోసం బజారుకెళ్లగానే భార్య ఆ పెట్టె మీది దుమ్ము దులిపింది. కాస్త గట్టిగానే దులిపింది. మూత తీసి చూస్తే ఎండిన చిమ్మట పొట్ట ఊడిపడి పొడిపొడి అయింది. స్నానాలగది లైటు కింద ఇంకో చిమ్మట చచ్చిపడి ఉంటే, దాని పొట్ట తెచ్చి జిగురుతో అతికించి వంటింట్లోకి జారుకుంది.

అల్లుడు అంత మురిసిపోయే పురుగేమిటో చూద్దామని అత్తగారు మూత తీసింది. చీరకొంగు తగిలి మీసాలు రెండూ రాలాయి. కిటికీలో ఎండిపోయిన మరో చిమ్మట మీసాలు తెచ్చి, అదే జిగురుతో ఆవిడా అతికించింది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

ప్రొఫెసరు భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు.

"మీసాలు మగవి. పొట్ట నిండా గుడ్లున్నాయి."

అత్తగారు గుమ్మంలోంచి, "కలికాలం బాబూ," అంది.

జాతి తేలేది రెక్కల రంగుతో కాదని, పొట్ట చివరి భాగంతోనని చెప్పి ప్రొఫెసరు ఆ పొట్టను ఊడదీశాడు. జిగురు సాగింది. ఆయన ముఖం గంటుపెట్టుకున్నాడు.

"నన్నే మోసం చేద్దామనుకున్నావటయ్యా? ఈ రెక్కలు ఊళ్లో ప్రతి వీధిదీపం కిందా దొరుకుతాయి."

మాస్టారు పెట్టె అందుకుని తిప్పితిప్పి చూశాడు. అది చూడలేక భార్య నిజం చెప్పేసింది. కూతురు చెప్పాక తప్పేదేముందని తల్లీ చెప్పేసింది. వాళ్లు ఒకరి మీదొకరు నేరం నెట్టుకుంటుండగా, కోపం దిగమింగుకోవడానికి ప్రొఫెసరు ఆ పొట్టను మాస్టారి మైక్రోస్కోపు కింద పెట్టాడు. పెట్టినవాడు తల ఎత్తలేదు.

"అమ్మా, ఈ పొట్ట ఎక్కడిది?" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "ఇలాంటిది నేనెక్కడా చూడలేదు."

మరుక్షణం నలుగురూ స్నానాలగదిలో ఉన్నారు. బకెట్టు పైన గోడకు అవే చిమ్మటలు నిక్షేపంగా నిద్రపోతున్నాయి. మాస్టారు ఇన్నేళ్లూ వాటి కిందే స్నానం చేసి, చిమ్మటలు వెతకడానికి అడవులకు వెళ్లాడు.

పొట్ట తెచ్చింది భార్య కాబట్టి కొత్త జాతికి ఆమె పేరే పెట్టారు. మీసాల సంగతేమిటని అత్తగారు ఇప్పటికీ అడుగుతోంది.