ఎర్సీలియా గారి గురువారం ఉపవాసం

మా కాస్తెల్‌బ్రుస్కోలో పదకొండేళ్లుగా ఎవరూ వేడి భోజనం చేయలేదని ప్రకటించడానికి మా పురపాలక సంఘం ఎంతో గర్విస్తోంది. దీనికి కారణం కరువు కాదు, కీర్తి.

కొండమీది పాత మఠంలో ఆహార సంస్కృతి విద్యాపీఠం వెలిసినప్పటి నుంచి, మేం ఎలా తింటామో నేర్చుకోవడానికి దేశదేశాల విద్యార్థులు ఇల్లూ వాకిలీ వదిలి వచ్చి పడుతున్నారు. ఊళ్లో మేం మూడు వందలం. వాళ్లు నాలుగు వందలు. పట్టా కావాలంటే ఒక్కొక్కరూ ముప్ఫై మధ్యాహ్న భోజనాలు దగ్గరుండి పరిశీలించాలి. ఏ రోజు ఎవరు ఎవరింటికి వెళ్లాలో పట్టిక వేసే అధికారిని నేనే. నాకొక బల్ల, ఒక కుర్చీ, రెండు ముద్రలు ఉన్నాయి.

పద్ధతి సులువే. పన్నెండున్నరకు చర్చి గంట కొడుతుంది, గిన్నె బల్లమీదికి వస్తుంది. విద్యార్థి పైనుంచి ఒక ఫోటో, పక్కల నుంచి రెండు ఫోటోలు తీసుకుంటాడు. తర్వాత చారులో థర్మామీటరు ముంచి, అది ఎంత త్వరగా చల్లారుతోందో నమోదు చేస్తాడు. ఆపైన నలభై మూడు ప్రశ్నలు. "మొదటి చెంచా మీకు ఎవరిని గుర్తు చేసింది?" అనే ఇరవయ్యో ప్రశ్నను మొదటి చెంచాకు ముందే అడుగుతారు. నోరు నిండా ముద్ద ఉంటే జ్ఞాపకం స్పష్టంగా రికార్డు కాదు.

మావాళ్లూ శాస్త్రానికి తగ్గట్టు ఎదిగారు. వడ్రంగి ఓరెస్తే చిక్కుడు గింజలు చూడగానే కంటతడి పెట్టడం నేర్చాడు. ఇప్పుడు పాపం, విత్తనాల దుకాణంలోకి వెళ్లినా ఆగడం లేదు. చీజ్ పడని రెంజోను 'మినహాయింపు'గా గుర్తించి సంరక్షిస్తున్నారు. అతను పొరపాటున ఒక్క ముక్క తిన్నా ఆరు పరిశోధన గ్రంథాలు మూలపడతాయి. మేం గిన్నెవంక గంటసేపు మౌనంగా చూడటం గమనించి, కెనడా నుంచి వచ్చిన ఒకాయన 'భోజనపూర్వ ధ్యానం' అనే పుస్తకం రాశాడు. మేం చేసేది ధ్యానం కాదు. ఇక తినొచ్చని ఎప్పుడంటారా అని చూస్తున్నాం, అంతే.

చివరికి విద్యాపీఠం అధిపతి ప్రొఫెసర్ బెర్తోల్దీ ఊరి చావడిలో నిలబడి సెలవిచ్చారు. "పౌరులారా! వేడి అనేది తొందరపాటు మనుషుల వ్యసనం! వేల భోజనాల మీద మేం తీసిన లెక్క ఒక్కటే చెబుతోంది. గోరువెచ్చదనమే మీ పూర్వీకుల అసలు రుచి!" చప్పట్లు మారుమోగాయి. మర్నాటి నుంచి మా భోజనశాలల్లో చారును కిటికీలో చల్లారబెట్టి, ఆ శ్రమకు ధర పెంచి వడ్డిస్తున్నారు.

ఈ సుఖశాంతుల మధ్య ఒకే ఒక్క చిక్కు, నా పట్టికలో పదిహేడో నంబరు. అంటే ఎర్సీలియా గారు. డెబ్బై తొమ్మిదేళ్లు, విధవరాలు. తొర్తెల్లీని అనే కూరిన పిండి పొట్లాలు మడతపెట్టడంలో ఆవిడ చేతిని మించిన చేయి లేదు కాబట్టి విద్యార్థులందరికీ ఆవిడ ఇల్లే కావాలి. అయితే వరసగా మూడు గురువారాలు, మధ్యాహ్నం వేళకు ఆవిడ ఇంట్లో లేరు! "సమాచార వనరు అదృశ్యం" అంటూ ప్రొఫెసర్ గారి నుంచి నాకు ఎర్ర సిరా లేఖ వచ్చింది.

నాలుగో గురువారం వంతు రూతాది. లిథువేనియా పిల్ల. రెండేళ్లుగా ఇక్కడే ఉంటోంది, అది ఆమె ముప్ఫయ్యో భోజనం. అది లేకపోతే పట్టా లేదు. అంతకుముందు ఓసారి ఎర్సీలియా గారు గిన్నె చల్లారిపోయిందని గొణిగితే, ఈ పిల్ల నవ్వి, "మా దేశంలో బీట్‌రూట్ చారు కావాలనే చల్లగా తాగుతాం అమ్మమ్మా" అంది. ఆవిడ చెంచా కింద పెట్టి, "అది చల్లగా పుట్టిందే పిల్లా. ఇది చల్లగా చచ్చింది," అన్నారు. రూతా దాన్ని నలభై నాలుగో జవాబుగా రాసుకుంది. ప్రశ్న లేని జవాబని నేను కొట్టేశాను.

"ఆవిడ ఎక్కడికి పోతుందో కనిపెట్టు. లేదా ఇంకో ఏడాది ఉండు," అన్నాను.

గురువారం పదకొండు నలభై బస్సులో ఎర్సీలియా గారు ముందు సీట్లో, నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న రూతా చివరి సీట్లో. బస్సు కొండ దిగింది, వంతెన దాటింది. పక్క ఊరి ఫ్యాక్టరీల దగ్గర ఆవిడ దిగి, అటూ ఇటూ చూసి, టైర్ల దుకాణం వెనక సందులోకి తిరిగారు. ఒక తలుపు తెరుచుకుంది, మూసుకుంది. రూతా వంద లెక్కపెట్టి, ఆ తలుపు తోసింది.

లోపలంతా ఆవిరి. చైనా దంపతులు నడిపే నూడుల్స్ కొట్టు. మూల బల్ల దగ్గర ఎర్సీలియా గారు గిన్నెలో తల దూర్చేసి, కళ్లద్దాలు తెల్లగా కమ్మేసినా తుడుచుకోకుండా, జుర్రున జుర్రుకుంటున్నారు.

"లిథువేనియా పిల్లవేనా?" ఆవిడ తల ఎత్తలేదు.

"ఎలా తెలిసింది అమ్మమ్మా?"

"వానలో నల్లద్దాలు పెట్టుకుని బస్సెక్కే మొహం ఇంకెవరిది? కూర్చో. మాట్లాడకు, చల్లారిపోతుంది."

కొట్టామె రూతా ముందూ ఒక గిన్నె పెట్టింది. రూతా చేయి అలవాటుగా థర్మామీటరు కోసం సంచిలోకి పోయింది.

"ఆ పుల్ల బయటికి తీశావో, విరిచి నీ జడలో గుచ్చుతా!"

"ఇక్కడ మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగరా?"

"ఎందుకడగరూ? కారం ఎక్కువ కావాలా, తక్కువ కావాలా అని అడుగుతారు. పదకొండేళ్లలో నన్ను పనికొచ్చే ప్రశ్న అడిగింది ఈ మహాతల్లి ఒక్కతే."

రూతా తిన్నది. నాలుక కాలింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, ఓరెస్తే నీళ్లలాంటివి కావు. గిన్నె అడుగు కనబడ్డాక ఎర్సీలియా గారి గొంతు సన్నబడింది.

"నన్ను రాసేస్తావా అమ్మడూ? రాశావంటే పై గురువారానికి ఇక్కడ నలభై మంది ఉంటారు. ఇంకో బస్సు, ఇంకో ఊరు వెతుక్కునే ఓపిక నాకు లేదు."

"రాయకపోతే నాకు పట్టా రాదు అమ్మమ్మా."

ఆవిడ ఖాళీ గిన్నె పక్కకు జరిపారు. ఊరు తనకు పదకొండేళ్ల వేడి చారు బాకీ ఉందని ఎవరిని మాత్రం అడుగుతారు?

సాయంత్రం రూతా నా బల్లమీద నివేదిక పెట్టింది. ఒకే వాక్యం. 'పదిహేడో నంబరు గురువారం మధ్యాహ్నాలు ఉపవాసం ఉంటుంది.'

"నిజమేనా?" అన్నాను.

"ముద్ర వెయ్యండి సార్," అంది. మాట ముద్దగా వచ్చింది. నాలుక కాలిన మనిషి మాట. అలాంటి మాట మా ఊళ్లో విని పదకొండేళ్లయింది. ఆమె కోటు నుంచి అల్లం వాసన కూడా వస్తోంది. నేను రెండు ముద్రలూ వేశాను.

పట్టా పరీక్ష రోజు ప్రొఫెసర్ బెర్తోల్దీ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "తినడం గురించి ప్రపంచమంతా రాసింది! తినకపోవడాన్ని కనిపెట్టింది మన రూతా!" నూట పదికి నూట పది మార్కులు, పైన ప్రశంస.

ఇప్పుడు ప్రతి గురువారం ఎర్సీలియా గారి మూసిన తలుపు ఎదుట నలభై మంది విద్యార్థులు మడత కుర్చీలు వేసుకుని రెండింటిదాకా ఉపవాసాన్ని పరిశీలిస్తున్నారు. తలుపు గడియకు థర్మామీటరు వేలాడుతోంది. పెరటి గుమ్మం ప్రశ్నావళిలో లేదు కాబట్టి అటువైపు ఎవరూ చూడరు. ఊరి కూడలి భోజనశాలలో గురువారం నాడు ఖాళీ గిన్నె వడ్డిస్తున్నారు, పద్దెనిమిది యూరోలు. రెండు నెలల ముందే బల్ల చెప్పుకోవాలి. ఇది చదువుతున్న మీరూ వచ్చారు కదా, సందర్శకుల పుస్తకంలో మీ చేతిరాత చూశాను. 'చాలా లోతుగా ఉంది' అని రాశారు. గిన్నె గురించే అనుకుంటాను.

నేనూ గురువారాలు 'శాఖాపరమైన తనిఖీ' అని బోర్డు పెట్టి బస్సెక్కుతున్నాను. మొదటిసారి ఎర్సీలియా గారు నన్ను చూసి, "వచ్చావా నాయనా! ముద్రలు ఇంట్లో పెట్టి వచ్చావా, లేదా?" అన్నారు. ఆ కొట్లో ఇప్పుడు వడ్డించేది రూతాయే. బంగారు అక్షరాల పట్టాను వంటగదిలో వేడి గిన్నెల కింద వేస్తున్నారు. ఆమె అడిగేది ఒక్కటే ప్రశ్న, కారం ఎక్కువా, తక్కువా?

మీరు ఇప్పటికే చిరునామా రాసుకుని ఉంటారు. పదకొండు నలభై బస్సు, వంతెన, టైర్ల దుకాణం వెనక సందు. క్షమించాలి, అవన్నీ అబద్ధాలు. గిన్నె కంటే ముందు మీ ఫోను బల్లమీదికి వస్తుందని నాకు తెలుసు.