చెక్కుచెదరని అయిదు వందల ఒకటి

నిశిత సూదుల కంపెనీ ఉద్యోగులందరికీ తెలియజేయునది ఏమనగా, కంపెనీ ఆటస్థలాన్ని గోదాముగా అభివృద్ధి పరచినందున, ఇకమీదట ఉద్యోగులు స్థలం అక్కర్లేని ఆట ఆడుకోవాలని యాజమాన్యం సంతోషపూర్వకంగా నిర్ణయించింది. ఆ ఆట పేరు డార్ట్స్.

ఈ నోటీసును క్యాంటీన్ గోడ మీద, చేతులు కడుక్కోండి అనే నోటీసుకూ, నేడు నీళ్లు రావు అనే నోటీసుకూ మధ్య అంటించారు. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో నోటీసు చదివి నవ్వేవాళ్లు తక్కువ. షిఫ్టులో అందుకు సమయం కేటాయించలేదు.

ఈ ఆలోచన చైర్మన్‌గారిది. సూదులు అమ్మడానికి విదేశం వెళ్లినప్పుడు ఆయన అక్కడ ఒక ప్రొఫెషనల్ డార్ట్స్ చాంపియన్‌షిప్ చూశారు. పొట్టలున్న పెద్దమనుషులు బిరుదులు రాసిన చొక్కాలు తొడుక్కుని, తమకు నచ్చిన పాట పెట్టించుకుని వేదిక ఎక్కి, ఎనిమిది అడుగులకు కాస్త తక్కువ దూరం నుంచి గుండ్రటి బోర్డు మీదికి చిన్న చిన్న బాణాలు విసురుతున్నారట. వేలమంది వేషాలు వేసుకొచ్చి మరీ ఈలలు వేస్తున్నారట. పరుగు లేదు, బూటు అరగదు, చెమట పట్టదు. పైగా విసిరేది మొనదేలిన వస్తువు. ఇది మన కంపెనీ కోసమే పుట్టిన ఆట అని ఆయన విమానంలోనే తేల్చేశారు.

పోటీ నిబంధనలు హెచ్.ఆర్. మేనేజర్ కృష్ణప్రియ రాసింది. పదమూడు రాసేసరికి కాగితం అడుగున రెండు వరుసలు ఖాళీ మిగిలాయి. ఖాళీ ఉంటే బాగుండదని పద్నాలుగోది చేర్చింది: "విజేత కాంట్రాక్టు కార్మికులైన పక్షంలో వారు పర్మనెంటు చేయబడుదురు." కాంట్రాక్టు వాళ్లకు సాధన చేసే తీరిక ఎక్కడిదన్న ధీమా ఆమెది.

ఆ రెండు వరుసలను వనజ మూడుసార్లు చదివింది.

వనజ కొండాపూర్ మండలంలోని ఒక పల్లె నుంచి కంపెనీ బస్సులో వచ్చే కాంట్రాక్టు కార్మికురాలు. ఇంజెక్షన్ సూది రంగు ప్లాస్టిక్ మూతికి ఉన్న చీమకన్నంత రంధ్రంలో సన్నటి ఉక్కు గొట్టాన్ని నిటారుగా నిలబెట్టడం ఆమె పని. అది రవ్వంత ఒరిగినా ఎక్కడో ఏ దవాఖానాలోనో ఎవరి చేతికో నొప్పి. పదకొండేళ్లలో ఆమె చేతి మీదుగా ఒక్క వంకర సూది బయటికి పోలేదు. ఈ సంగతి కంపెనీ రికార్డుల్లో ఉండదు. పదకొండు నెలలకోసారి కాంట్రాక్టరు ఆమెను ఒకరోజు తీసేసి మర్నాడు చేర్చుకుంటాడు గనుక, రికార్డుల ప్రకారం ఆమె ఎప్పుడూ కొత్త మనిషే. చేరిన ప్రతిసారీ సూది అంటే ఏమిటో ఆమెకు శిక్షణ ఇస్తారు. అలా పన్నెండుసార్లు శ్రద్ధగా వింది.

పర్మనెంటు వాళ్లకు నీలం యూనిఫారం, వీపు ఆనించుకునే కుర్చీ ఉంటాయి. కాంట్రాక్టు వాళ్లకు స్టూలు. పదకొండేళ్లుగా వనజ వీపుకు ఆసరా సాయంత్రం బస్సు సీటే, అదీ దొరికితే. ఆమెకు కప్పు అక్కర్లేదు, బిరుదు అక్కర్లేదు. ఆ కుర్చీ కావాలి. ఇంత చిన్న కోరికా అని కుర్చీలో కూర్చుని చదివేవారికి నవ్వు రావచ్చు.

కంపెనీ మొత్తంలో ఆ ఆట తెలిసినవాడు ఫోర్క్‌లిఫ్ట్ నడిపే ఫుర్ఖాన్ ఒక్కడే. విదేశీ పోటీలన్నీ ఫోన్‌లో చూసి, ఏ ఆటగాడి మోచెయ్యి ఎంత లేస్తుందో కూడా చెప్పగలడు. తీసివేతలు వచ్చు గనుక స్కోరు రాసే పని అతనికే అప్పజెప్పారు. అన్నం తినే అరగంటలో అతను వనజకు ఆట చెప్పాడు.

"చూడక్కా, ముందుగాల్నే అయిదు వందల ఒకటి చేతుల పెడ్తరు. బాణం ఏ గడిల పడ్తదో గంత తీసేస్తం. ఎవరు ముందు సరిగ్గ సున్నకొస్తరో వాళ్లే గెలిచినట్టు."

"సున్నకొస్తె గెలుసుడేంది తమ్మీ?"

"గదే మజా అక్కా. ఇచ్చిందంత ఖాళీ చేయాలె."

"గదైతే నాకు అలవాటే" అంది వనజ.

ఆమె విసిరిన మొదటి బాణం నడిమి ఎర్రచుక్కలో దిగింది. రెండోది దాన్ని ఆనుకుని దిగింది. రోజుకు మూడు వేల సూదులు నిలబెట్టే చేతికి అదేమంత కష్టమైన పని కాదు. ఫుర్ఖాన్ మాత్రం "యా అల్లా" అని తింటున్న రొట్టె డబ్బాలో పెట్టేశాడు.

పోటీలకు విదేశీ పద్ధతిలోనే అందరికీ చొక్కాలు కుట్టించారు. జనరల్ మేనేజర్ సునీల్‌కుమార్ వీపు మీద 'పటాన్‌చెరు పిడుగు' అని రాశారు. కాంట్రాక్టు వాళ్లకు బిరుదులిచ్చే అధికారం కాంట్రాక్టరుది అయినందున వనజ వీపు మీద 'సి-417' అని గేటు పాసు నంబరు వేశారు. పిడుగుగారు డప్పుల మోతతో ఫైనల్‌కు చేరారు. ఆయనతో ఆడవలసిన ఆరుగురిలో ఇద్దరికి జ్వరం వచ్చింది, ఇద్దరికి మేనత్తలు పోయారు, ఒకరు గౌరవభావంతో తప్పుకున్నారు. ఆరోవాడు ఆడతానన్నాడు. అతన్ని ఆ ఉదయమే గుజరాత్ డిపోకు బదిలీ చేశారు.

వనజ మాత్రం ఆరుగురితోనూ ఆడి గెలిచే ఫైనల్‌కు వచ్చింది.

స్కోరు చూపడానికి కొత్త ఖర్చెందుకని, రోజువారీ ఉత్పత్తి చూపించే ఎర్రలైట్ల బోర్డునే హాల్లోకి తెచ్చారు. ఆ బోర్డు మీద సున్నా వెలిగితే సూపర్‌వైజర్లకు చెమటలు పడతాయి. ముఖ్య అతిథిగా శివశంకర్‌గారు వేంచేశారు. ఆయన ఏదో కార్పొరేషన్‌కు మాజీ చైర్మన్. ఏ కార్పొరేషనో తెలిసినవాళ్లు ఇప్పుడు సర్వీసులో లేరు.

వనజ మూడు బాణాల మొదటి విడతలో నూరు తీసేసింది. తర్వాత నూట నలభై. చివరి బాణం అంచున ఉండే సన్నని పట్టీలో పడితేనే ఆట పూర్తవుతుంది. అదీ అక్కడే పడింది. సరిగ్గా సున్నా. పిడుగుగారి బాణాల్లో కొన్ని గోడకు, ఒకటి ఫ్యానుకు, ఒకటి 'ప్రమాదరహిత కర్మాగారం' అనే పోస్టరుకు తగిలాయి. బోర్డుకు ఒక్కటీ తగల్లేదు. ఎర్రలైట్లలో వనజ పేరు ఎదుట సున్నా, సునీల్‌కుమార్ పేరు ఎదుట అయిదు వందల ఒకటి వెలిగాయి.

శివశంకర్‌గారు కళ్లజోడు సర్దుకుని ఆ అంకెలు చదివారు. లేచి నేరుగా సునీల్‌కుమార్ భుజాల మీద శాలువా కప్పి, మైకు అందుకున్నారు.

"ఈ చెల్లెకు కంపెనీ ఎంత ఇచ్చింది? అయిదు వందల ఒకటి! ఏం మిగిల్చింది? గుండుసున్న! గిట్లయితె దేశం ఎట్ల బాగుపడ్తది? అదే సునీల్‌కుమార్ గారిని సూడుండ్రి. ఇచ్చిన సొత్తుల నుంచి ఒక్క పైస విలువ కూడ కింద పడనియ్యలే. గింత ఒత్తిడిల కూడ చెక్కుచెదరలే! గిసొంటోళ్ల చేతులనే దేశం సల్లగుంటది!"

"సార్, జెర ఆగుండ్రి, ఆట గట్ల కాదు..." అని ఫుర్ఖాన్ లేచాడు. కృష్ణప్రియ అతని వైపు చూసింది. కూర్చున్నాడు. ముఖ్య అతిథి నోటివెంట వచ్చిన మాటను సభలో సవరించడం మర్యాద కాదు. హాల్లో ఉన్న నాలుగు వందల మందికీ అసలు సంగతి తెలుసు. నాలుగు వందల మందీ చప్పట్లు కొట్టారు. మీరే అక్కడుంటే లేచి అభ్యంతరం చెప్పేవారు, నాకు తెలుసు. వాళ్లు కూడా బస్సు ఎక్కాక ఆ మాటే అన్నారు.

వారం తిరక్కుండానే, ఎక్కువ పాయింట్లు మిగిల్చుకున్నవారే విజేత అని, ఎవరి బాణం ముందు బోర్డుకు తగిలితే వారు ఓడినట్టని, గత తేదీ నుంచి వర్తించేలా సవరణ వచ్చింది. దాంతోపాటు వనజకు ఒక మెమో: "మీకు నమ్మకంతో అప్పగించిన 501 పాయింట్లను తక్కువ సమయంలో పోగొట్టినందుకు మీపై చర్య ఎందుకు తీసుకోరాదో మూడు రోజుల్లో తెలుపవలెను." వనజ ఆ కాగితం పట్టుకుని స్టూలు మీద కూర్చుంది. ఏడుపు వచ్చింది. ఏడిస్తే కళ్లు మసకేసి సూది వంకరవుతుందని మింగేసింది.

రెండో ఏడాదికి ఈ క్రీడ పారిశ్రామికవాడంతా పాకింది. అన్ని కంపెనీలూ జట్లు పెట్టాయి. బోర్డుకు తగలకుండా విసరగల ప్రొఫెషనల్ ఆటగాళ్లను సీనియర్ ఎగ్జిక్యూటివులుగా నియమించాయి. ఇస్నాపూర్ చౌరస్తాలో రెండు అకాడమీలు వెలిశాయి. 'ఒక్కటి తగిలినా ఫీజు వాపసు' అని ఫ్లెక్సీ కట్టారు. ఆట మాత్రం తేలికేమీ కాదు. కావాలని నేలకో కప్పుకో విసిరితే చిత్తశుద్ధి లోపించిందని బయటికి పంపేవారు. కాలు గీత దగ్గర పెట్టి, ఒక కన్ను మూసి, ఊపిరి బిగబట్టి, ప్రాణం పెట్టి గురి చూడాలి. తగలకూడదు. ఈ విద్యలో పై అధికారులు త్వరగా రాణించారు. వాళ్లకు అంతకుముందే అనుభవం ఉంది.

బోర్డు కొత్తదానిలాగే మెరిసిపోతూ ఉండేది. దసరాకు ఆయుధపూజలో దానికి పసుపు కుంకుమ పెట్టారు. ప్రేక్షకులకు హెల్మెట్లు తప్పనిసరి చేశారు. భద్రతాధికారి మూడు నెలలు అధ్యయనం చేసి, హాల్లో అన్నిటికంటే క్షేమమైన చోటు సరిగ్గా బోర్డు కిందేనని నివేదిక ఇచ్చాడు. ముఖ్య అతిథి సోఫా అక్కడే వేశారు.

పద్నాలుగో నిబంధనను మాత్రం ఎవరూ తీసెయ్యలేదు. వనజ దాన్ని నమ్ముకుంది. కానీ ఆమె చెయ్యి తప్పదే! కళ్లు మూసుకుని విసిరినా బోర్డులోనే దిగేది.

"నువ్వు ఎక్కడ కొట్టొద్దనుకుంటున్నవో దాన్నే చూస్తున్నవక్కా" అన్నాడు ఫుర్ఖాన్. "ఎక్కడ చూస్తె గక్కడికే పోతది. చూస్తున్నట్టుండాలె, చూడొద్దు. చెయ్యి నీ మాట ఇనకుండ కావాలె."

ఇంట్లో గోడకు వెదురు తట్ట ఆనించి రోజూ పొద్దున్నే సాధన మొదలుపెట్టింది. అత్త శివమ్మ వాకిట్లో కూర్చుని చూసేది.

"గింత మంచి చెయ్యిని ఎందుకు ఖరాబు చేసుకుంటున్నవే పిల్లా? కొండనాలుకకు మందేస్తె ఉన్న నాలుక ఊడిందట."

"కుర్చీ వస్తదత్తా" అనేది వనజ.

నాలుగో నెలకు బాణాలు తట్టను దాటి పోవడం నేర్చాయి. అయిదో నెలలో, పన్నెండేళ్లలో మొదటిసారి, కంపెనీలో ఆమె నిలబెట్టిన సూది రవ్వంత ఒరిగింది. తనే తీసి ఎర్ర డబ్బాలో పారేసింది. ఆ రోజు మూడు పారేసింది. మర్నాడు తొమ్మిది. ఆ తర్వాత పారేయడం తగ్గుతూ వచ్చింది. చెయ్యి బాగుపడి కాదు. చేతికి అలవాటైన ఒరుగు మెల్లగా కంటికీ అలవాటైంది.

ఆ ఏటి ఫైనల్‌లో మళ్లీ వనజ, సునీల్‌కుమార్‌లే తలపడ్డారు. గంటన్నర గడిచినా ఇద్దరి స్కోరూ చెక్కుచెదరలేదు. గోడ మీద సున్నం పెచ్చులు రాలుతున్నాయి. ఫుర్ఖాన్ అయిదు వందల ఒకటి కింద అయిదు వందల ఒకటి రాస్తున్నాడు. తీసివేతలు మరిచిపోతానేమోనని అతని బెంగ. అప్పుడు సునీల్‌కుమార్ బాణం ఎత్తగానే, బోర్డు కింద సోఫాలో శివశంకర్‌గారు గట్టిగా తుమ్మారు. పెద్దాయనకు తగులుతుందేమోనని పిడుగుగారి చూపు అటే పోయింది. చూసిన చోటికే బాణమూ పోయింది. శివశంకర్‌గారి తలకు జానెడు పైన, నడిమి ఎర్రచుక్కలో కసుక్కున దిగింది.

జీవితంలో మొదటిసారి గురి తగిలిన సునీల్‌కుమార్ తల పట్టుకుని కూలబడ్డారు. వనజ కాలు గీత దగ్గర పెట్టి, కన్ను మూసి, ప్రాణం పెట్టి గురి చూసి విసిరింది. బాణం కిటికీలోంచి పార్కింగులోకి వెళ్లిపోయింది.

శివశంకర్‌గారు లేచి ఎర్రలైట్ల వైపు చూశారు. ఒకవైపు నాలుగు వందల యాభై ఒకటి, ఒకవైపు అయిదు వందల ఒకటి. "ఈయన యాభై ఎక్కడ్నో పోగొట్టిండు! ఈ చెల్లెను సూడుండ్రి, పోయినేడు గుండుసున్న, ఇయ్యాల నిండు కుండ! దీన్నే అభివృద్ధి అంటరు!" కృష్ణప్రియ ఏదో చెప్పబోయి మానేసింది. ముఖ్య అతిథి మాటను సవరించే మర్యాద ఈసారీ లేదు. చప్పట్లు మోగాయి.

మర్నాడే వనజకు నీలం యూనిఫారం, కుర్చీ వచ్చాయి. ఆ కుర్చీలో మొదటిసారి వెనక్కి వాలినప్పుడు ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ సుఖం అబద్ధమని ఎవరూ అనలేరు. చాంపియన్‌ను చేతిపనిలో ఉంచడం అమర్యాద అని ఆమెను నాణ్యత తనిఖీలో కూర్చోబెట్టారు. ఇప్పుడు కంపెనీ సూదులన్నీ ఆమె కళ్ల ముందు నుంచే వెళతాయి. అన్నీ నిటారుగానే కనిపిస్తాయి. డబ్బాల మీద 'చాంపియన్ ఆమోదించినది' అని అచ్చు కూడా వేశారు. ఫుర్ఖాన్ వాటిని లారీలకు ఎక్కిస్తాడు.

కాబట్టి రేపు ఏ దవాఖానాలోనైనా నర్సు మీ నరం కోసం మూడోసారి గుచ్చితే ఆమెను తిట్టకండి. మీరు లేచి అభ్యంతరం చెప్పే రకం గనుక చెప్పవచ్చు, కానీ చెప్పరు. ఊరికే మరో చెయ్యి చాపండి. చప్పట్లకు రెండు చేతులూ వాడారు కదా.