మౌనానికి ఐదు స్టార్లు

రెండో శనివారం పొద్దున ఆరింటికి శశికళ నోరు మూసింది. సాయంత్రం ఆరింటి దాకా తెరవకూడదని పట్టుదల. ఆబిడ్స్‌లోని ఒక బడిలో ఇరవై ఆరేళ్లుగా లెక్కలు చెప్పీ చెప్పీ ఆమె గొంతు బొంగురుపోయింది. వారానికి ఒకరోజు పన్నెండు గంటలు మాటన్నదే ఉండకూడదని, గుసగుసలు కూడా పనికిరావని, లేకపోతే ఆపరేషనే గతి అని డాక్టరు చెప్పాడు. ఇప్పటికి మూడు ఆదివారాలు ప్రయత్నించింది. మొదటిసారి పాలవాడితో, రెండోసారి చెల్లెలితో, మూడోసారి టీవీలో వార్తలు చదివే అమ్మాయి శాతాలు తప్పు చెప్పినందుకు ఆ అమ్మాయితోనూ మాట్లాడి ఓడిపోయింది.

"గీసారి గూడ తొమ్మిది దాటదు చూడు," అంటూ భర్త శ్యామ్‌సుందర్ చెప్పులు తొడుక్కున్నాడు. ఆయన బేగం బజార్‌లో ఒక టోకు దుకాణంలో గుమాస్తా. "పోనీ, జర ఊ అను."

శశికళ పలక తీసుకుని "పోండి" అని రాసి చూపించింది.

తొమ్మిదిన్నరకు తలుపు చప్పుడైంది. అరవై ఏళ్ల మనిషి, చంకలో తువ్వాలు చుట్టిన మిక్సీ.

"సుఖధార కంపెనీ ఆఫీసు గిదేనా అమ్మా?"

శశికళ తల అడ్డంగా ఊపింది.

"గిదే, గిదే. ఫోన్ల మ్యాపు గీడనే చూపెడుతున్నది," అంటూ అతను లోపలికొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "నా పేరు భూమయ్య."

సుఖధార చాలా పెద్ద కంపెనీ. నాంపల్లిలోని ఆ సందులో వాళ్ల ఫ్రిజ్జో మిక్సీయో లేని ఇల్లు లేదు. వాళ్ల మనిషిని కళ్లతో చూసినవాళ్లూ లేరు. ఫోన్ చేస్తే మిషన్ మాట్లాడుతుంది. ఒకటి నొక్కమంటుంది, రెండు నొక్కమంటుంది, చివరికి పాట వినిపిస్తుంది. ఆ రోజు పొద్దున కంపెనీ తన వస్తువులు కొన్నవాళ్లందరికీ "మీ దగ్గరలోని సహాయ కేంద్రం" అంటూ మ్యాపు పంపింది. బషీర్‌బాగ్‌లో ఉన్న అసలు ఆఫీసు ఇంటి నంబరుకూ శశికళ ఇంటి నంబరుకూ పేటను చెప్పే ఒక్క అంకె తేడా. ఆ అంకెను ఎవరో ఎక్కడో కూర్చుని తప్పు కొట్టారు.

శశికళ "ఇది ఆఫీసు కాదు" అని పలక మీద పెద్దక్షరాలతో రాసింది. భూమయ్య చదివి నిట్టూర్చాడు.

"ఫోన్ల గూడ గిట్లనే అంటరమ్మా. మీరు రావాల్సింది గీడికి కాదు, గాడికి అంటరు. మూడు నెల్ల సంది పదిహేడుసార్లు ఫోన్ చేసిన. ఇగ నేను గీడికెల్లి లేవ."

నోటితో అయితే రెండు నిమిషాల పని. పలక మీద అంత కథ పట్టదు. శశికళ అతనికి మంచినీళ్లిచ్చి ఎదురుగా కూర్చుంది. భూమయ్య మిక్సీ గురించి చెప్పాడు, ఆ మిక్సీ కొనిచ్చిన అల్లుడి గురించి చెప్పాడు, దాంట్లో ఎండు పసుపుకొమ్ములు వేసిన పెళ్లాం గురించీ చెప్పాడు. ఇరవై నిమిషాలకు అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఒక్క మాట అడ్డం రాకుంట ఇన్నరు. గిసొంటి ఆఫీసరును నేనైతే చూడలే," అని అక్కడే కూర్చుని ఊళ్లో ఉన్న తెలిసినవాళ్లందరికీ ఫోన్లు కొట్టాడు.

పదకొండింటికి వాకిట్లో పదిమంది చేరారు. వాళ్లలో లక్డీకాపూల్‌లో సర్కారు ఉద్యోగం చేసే వైశాలి అనే చురుకైన పిల్ల ఉంది. ఆమె పలక చదివింది, మూసుకున్న పెదవుల వంక చూసింది, గొంతు తగ్గించింది.

"కంపెనీవాళ్లు మిమ్మల్ని మాట్లాడొద్దన్నరా మేడం?"

ఎవరో ఒకరు మాట్లాడొద్దన్న మాట నిజమే కాబట్టి శశికళ తల ఊపింది. చేసిన పొరపాటు ఆమెకు వెంటనే తెలిసింది గానీ అప్పటికే వైశాలి వెనక్కి తిరిగి అరుస్తోంది. "ఇన్నరా? ఉద్యోగం పోతదని తెల్సి గూడ మేడం మన బాధలు వింటున్నరు! అందరూ లైన్ల నిలబడుండ్రి!" అని కాయితాలు చింపి టోకెన్లు రాసి పంచింది.

పై వాటాలో ఉండే వెంకటరత్నమ్మ మెట్ల మీంచి వంగి చూసి శ్యామ్‌సుందర్‌కు ఫోన్ చేసింది. "మీ ఇంటి ముందట మంది జమైన్రు. ఒకామె ఏడుస్తున్నది. జర చూసుకోండి."

శ్యామ్‌సుందర్ కంగారుగా ఇంటికి ఫోన్ కలిపాడు. శశికళ అలవాటు కొద్దీ ఎత్తి, మౌనవ్రతం గుర్తొచ్చి ఊరుకుంది. ఆమె ముందు కూర్చున్న జమున అనే ఆవిడ మాత్రం తన వాషింగ్ మెషిన్ గురించి ఏడుస్తూనే ఉంది. ఆ ఏడుపంతా శ్యామ్‌సుందర్ చెవిలో పడింది.

"పొద్దుగాల దాకా మంచిగనే ఉండె. ఒక్కసారి గుర్రుమన్నది, గంతే, మల్ల కదల్లే. పదేండ్లు ఇంటెడు చాకిరీ చేసింది. ఒక్కనాడు ఎదురు చెప్పలే."

ఆ చివరి మాట విన్నప్పుడైనా అది తన భార్య గురించి కాదని శ్యామ్‌సుందర్‌కు తెలిసి ఉండాల్సింది. తెలియలేదు. ఫోన్ జారవిడిచి బియ్యం బస్తా మీద కూలబడ్డాడు. దుకాణం యజమాని మంచివాడు. షట్టర్ సగానికి దించి, నలుగురు పనివాళ్లను, ఒక పెద్ద బంతిపూల దండను తోడిచ్చి ఆటో ఎక్కించాడు.

గుమ్మం దగ్గర వైశాలి వాళ్లను ఆపింది. "మీది ముప్పై రెండో టోకెన్ సార్."

"నా భార్య... నా శశి..."

"అందరిండ్లల్ల బాధలున్నయి సార్. లైన్ల రాండ్రి."

శ్యామ్‌సుందర్ మెడ నిక్కించి లోపలికి చూశాడు. శశికళ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఎవరిదో గీజర్ కథ వింటోంది. ఆయన వలవలా ఏడ్చేశాడు. ఆమె పలక ఎత్తి చూపించింది: "ఏడవకండి. నలుగురూ చూస్తున్నారు." పనివాడి చేతిలో దండ చూసి వైశాలి చప్పట్లు కొట్టింది. "మేడంకు సన్మానం చేద్దామని తెచ్చిన్రా? మస్తు పని చేసిన్రు!" అని లాక్కుని శశికళ మెడలో వేసింది. ఫోటోలు తీశారు. ఆ దండ ఎందుకు కొన్నదో శ్యామ్‌సుందర్ ఎవరితోనూ అనలేదు.

విచిత్రమేమిటంటే, మధ్యాహ్నం దాటేసరికి శశికళకు ఈ పని మీద మనసు పడింది. ఇరవై ఆరేళ్లలో ఎదుటివాళ్లను ఒక్క వాక్యం పూర్తిగా చెప్పనిచ్చిన గుర్తు ఆమెకు లేదు. చెప్పనిస్తే ఎన్ని సంగతులు బయటికొస్తాయో ఇప్పుడే చూస్తోంది.

అయిదూ నలభైకి సందు మొదట్లో కారు ఆగింది. దిగినవాడు సాయిచైతన్య, సుఖధార కంపెనీ ఏరియా మేనేజరు.

"ఎవరు మేడం మీరు? పొద్దుటి నుంచి మ్యాపుల ఈ అడ్రసుకు కస్టమర్లందరు ఫైవ్ స్టార్లే ఇస్తున్నరు. దేశంల ఏ సెంటర్‌కూ ఇన్ని రాలే. స్టాఫ్‌కు ప్రైజ్ ఇచ్చి రమ్మని ముంబయి నుంచి ఫోన్. తీరా చూస్తే ఈడ మాకు సెంటరే లేదు! మా పేరు మీద ఆఫీసు నడుపుతున్నరా? పోలీసులను పిలవమంటరా?"

శశికళ గోడ గడియారం వైపు వేలు చూపించింది.

"టైం కాదు మేడం, నేనడిగిన దానికి జవాబు చెప్పండి!"

ఆమె మళ్లీ గడియారాన్నే చూపించింది. పోలీసుల మాట వినగానే జనం మేనేజరు చుట్టూ చేరారు. ఇరవై నిమిషాలు అతను ఒక్కడే అరిచాడు. గడియారం ఆరు కొట్టింది.

"కూర్చో," అంది శశికళ.

మేనేజరు కూర్చున్నాడు. తమ కథ చెప్పుకున్నాక కూడా ఇంటికి పోకుండా నిలబడిన పదకొండు మంది కూడా కూర్చున్నారు. డాక్టరు అరవొద్దన్నాడు కాబట్టి ఆమె మెల్లగానే మాట్లాడింది. అరిచి ఉంటే బాగుండేదని ఆ తర్వాత చాలామంది అనుకున్నారు.

"ఒకటి, భూమయ్య. మిక్సీ. మూడు నెలలు, పదిహేడు ఫోన్లు. రెండు, వైశాలి. ఫ్రిజ్జు. మూడు..." అలా ముప్పై ఒక్క ఫిర్యాదులు, పేర్లతో, తేదీలతో, కాయితం చూడకుండా అప్పజెప్పింది. "ఎప్పుడు చేస్తవ్?"

"అట్లుండదు మేడం, కస్టమర్ కేర్ నంబరుకు..."

"చెయ్. స్పీకర్ల పెట్టు."

సాయిచైతన్య తన కంపెనీకి తనే ఫోన్ చేశాడు. ఒకటి నొక్కాడు, రెండు నొక్కాడు. పాట మొదలైంది. ఇంటిల్లిపాదీ పన్నెండు నిమిషాలు ఆ పాట విన్నారు. ఆ తర్వాత అతను చెమట తుడుచుకుని, ఆ నంబరు వదిలేసి, రిపేరు చేసేవాళ్లందరినీ పేరుపేరునా నేరుగా నాంపల్లికి పిలిపించాడు.

అంతటితో శశికళ ఆగితే సరిపోయేది. పన్నెండు గంటల మాటలు లోపల నిలవున్నాయి. ఆమె జనం వైపు తిరిగింది. "భూమయ్యా, ఎండు పసుపుకొమ్ములు ఏస్తే ఏ మిక్సీ ఆగుతది? తప్పు మీది. జమునా, మెషిన్ల మూడు దుప్పట్లు ఒక్కసారే కుక్కిన్నంటివి, అది గుర్రుమనకుంటే పాట పాడుతదా? వైశాలీ, నీ ఫ్రిజ్జు మంచిగనే ఉన్నది, తలుపు సరిగ్గ వెయ్యి." ఒక్కొక్కరే మిక్సీలు, గీజర్లు పుచ్చుకుని, మూతులు ముడుచుకుని లేచారు.

మర్నాడు సాయిచైతన్య ఫోన్ చేసి, ముప్పై ఒక్క ఫిర్యాదులూ తీరిపోయాయని, మ్యాపు సరిచేశామని, రేటింగ్ మాత్రం సాయంత్రం ఆరు తర్వాత ఐదు నుంచి రెండున్నరకు పడిపోయిందని చెప్పాడు.